పన్నెండో బొమ్మల పుస్తకం

నీళ్లను పరీక్షించే ల్యాబులో పనిచేసే ఆవిడని ఇంట్లో భర్త కొలతలమ్మ అంటాడు. అన్నం వండాలన్నా టైమరు పెడుతుంది. కూతురికి జ్వరమొస్తే గంటగంటకీ రాసిపెడుతుంది. అంతటి మనిషికీ రెండు నెలలుగా ఏ లెక్కా తెగడం లేదు.

ఆరేళ్ల బుజ్జిదానికి ఎడమ కంటి చూపు మందగించింది. బాగున్న కుడి కంటి మీద రోజుకి ఆరు గంటలు ప్యాచ్ అంటిస్తే, గత్యంతరం లేక ఎడమది పని నేర్చుకుంటుందన్నాడు కళ్ల డాక్టరు. ఆలస్యమైతే కష్టమనీ అన్నాడు. మొదటి రోజే పిల్ల బడి నుంచి వెక్కుతూ వచ్చింది.

"నన్ను గుడ్డిదానా అన్నారమ్మా!"

అంతే, తల్లి పిల్లల బొమ్మల పుస్తకాల మీద పడింది. ముఖం మీద మచ్చ ఉన్న పిల్ల, లావుపాటి పిల్ల, నత్తి ఉన్న పిల్ల. ఏది తెచ్చినా ఆఖరి పేజీలో అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే. బుజ్జిదానికి మాత్రం ఎవరూ కొట్టలేదు.

"పుస్తకాలు కూడా పూటకొకటి వెయ్యమన్నాడా డాక్టరు?" అన్నాడు భర్త.

"నవ్వు, నవ్వు. బడికెళ్లేది నువ్వు కాదుగా!" అని కసిరింది.

పన్నెండో పుస్తకం దొరికాక గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు. అందులో అమ్మాయికి అచ్చంగా కంటి ప్యాచే ఉంది. పరుగెడుతుంది, బొమ్మలేస్తుంది, అద్దంలో చూసుకుని మురిసిపోతుంది. బుజ్జిది ఆ పుస్తకాన్ని సంచీలోంచి తీయనిచ్చేది కాదు. వారం తిరక్కుండానే ఏడుపు ఆగింది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. సాయంత్రానికి ప్యాచ్ అంచులు లేచిపోయేవి. జిగురు మంచిది కాదనుకుని ఆమె వేరే కంపెనీది తెప్పించింది. అదీ అంతే.

రెండు నెలలకి మళ్లీ పరీక్ష చేశారు. డాక్టరు పెదవి విరిచాడు.

"అక్షరాల చార్టులో ఒక్క వరస కూడా మెరుగవలేదమ్మా. సరిగా వేస్తున్నారా?"

"రోజూ ఆరు గంటలండీ! రాసిపెట్టాను కూడా."

డాక్టరు పిల్ల వైపు వంగాడు. "బడిలో తీసేస్తున్నావా బంగారం?"

"తీయను. ఈ కంటికి మారుస్తాను," అని ఎడమ కన్ను చూపించింది బుజ్జిది. "వ్యాన్ ఎక్కాక మళ్లీ ఇటు పెట్టేస్తా. పుస్తకంలో అక్క కూడా మార్చిందిగా!"

సంచీలోంచి పుస్తకం తీసి చూపించింది. అద్దం ముందు కుడి కంటికి ఉన్న ప్యాచ్ పరుగు పందెంలో ఎడమ కంటికి ఉంది. బొమ్మలేసినవాళ్లు చూసుకోలేదు. నీళ్లలో కంటికి కనపడని మురికిని పట్టుకునే మనిషి, ఈ పుస్తకాన్ని అరవైసార్లు చదివి కూడా చూసుకోలేదు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేకపోయింది.

బయటికొచ్చాక అడిగింది. "ఎందుకు మార్చావే?"

"కుడిది మూస్తే బోర్డు మీద అంతా అలుక్కుపోయినట్టు ఉంటుందమ్మా. తప్పు రాస్తే టీచర్ నించోమంటుంది."

"మరి నాతో చెప్పొద్దూ?"

"ఏం చెప్పినా నువ్వు పుస్తకం తీస్తావుగా!"

తల్లి లెక్క చూసుకుంది. పన్నెండు పుస్తకాలు కొంది గానీ, టీచరుతో ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు ల్యాబుకి వెళ్లకుండా బడికెళ్లింది. కన్ను సంగతి, బోర్డు సంగతి, మార్చిన సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది.

"పాపని ముందు బెంచీలో కూర్చోబెట్టండి టీచర్ గారూ. ప్యాచ్ కుడి కంటి మీదే ఉందో లేదో ఒక్క చూపు చూస్తే చాలు."

"ఎత్తు ప్రకారం కూర్చోబెడతాం మేడమ్. మీ పాప పొడుగు. అయినా నలభై మందిలో ఎవరి కన్నని చూడను?"

"వెనకున్నవాళ్లకి కనపడదంటారా? ముందు బెంచీలోనే గోడ పక్కన కూర్చోబెట్టండి, ఎవరికీ అడ్డం రాదు."

"చూద్దాం లెండి. బెల్లు కొట్టేశారు."

బ్యాగులో ఫోన్ మోగుతోంది. ల్యాబు నుంచే అయ్యుంటుంది. గుమ్మంలోంచి చూస్తే, ఆఖరి బెంచీలో బుజ్జిది కుడి కంటి మీద ప్యాచ్‌తో, మెడ సాచి బోర్డును వెతుక్కుంటోంది. పక్క పిల్ల కిసుక్కుమంది.

"మీరు చూసేదాకా నేనిక్కడే నించుంటాను టీచర్ గారూ," అంది కొలతలమ్మ.