రైతు లెక్కలోకి రాని మా మేనత్త

పోయిన సోమవారం పొద్దున పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో మా మేనత్త కన్నుమూసింది. మామయ్య చనిపోయాక ఏళ్ల తరబడి కౌలు భూమిలో పత్తి పండించి ఇద్దరు ఆడపిల్లలను చదివించిన మనిషి. ఆమె రైతు కాదంటుంది ప్రభుత్వం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

అమీర్‌పేటలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె సంచి దించకుండానే బాల్కనీలోని నా కుండీల దగ్గరకు వెళ్లేది. మట్టిలో వేలు గుచ్చి చూసి, "నీళ్లు పోసి పోసి సంపుతున్నవు బిడ్డా, జర ఎండనియ్యి" అని కోప్పడేది. అన్నం ముందు నేను ఫోన్ తీస్తే, "ఏం తింటున్నవో జర చూసుకుంట తిను" అనేది.

ఒక ఏడు సరిగ్గా పత్తి ఏరే సమయానికి వానలు పట్టుకున్నాయి. చేనంతా నల్లబడింది. విత్తనాలు, మందులు, కూలీలు అన్నీ అత్త అప్పు చేసి పెట్టుకున్నవే. పెట్టుబడి సాయం, పంట నష్టపరిహారం మాత్రం పట్టా ఉన్న యజమాని ఖాతాలో పడ్డాయి. ఆయన ఉండేది మా ఇంటికి కొద్ది దూరంలోనే. ఆ చేను ముఖం చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

అత్త నన్ను వెంటబెట్టుకుని ఆయన ఫ్లాట్‌కు వెళ్లింది. మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు.

"పట్టా నా పేరు మీదున్నది గదా అక్కా. సర్కారు నాకేసింది. నేనేం జేయాలె?" అన్నాడు.

"వాన నీ ఫ్లాటు మీద పడ్డదా పటేలా, నా పత్తి మీద పడ్డదా?" అని అడిగింది అత్త.

ఆయన నవ్వి, ఖాళీ కప్పులు తీయమని లోపలికి కేకేశాడు.

పరిహారం సంగతి అడుగుదామని లక్డీకాపూల్‌లో ఒక సర్కారు కార్యాలయానికి వెళ్లాం. కౌలు చేస్తున్నట్టు యజమాని సంతకం తెస్తే చూద్దామన్నారు. మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లాం. ఈసారి గుమ్మంలోనే నిలబెట్టాడు.

"ఇయ్యాల సంతకం పెడితే రేపు భూమే నాదంటవు."

"నీ భూమి నాకెందుకు పటేలా? నేను చేసిన పని నాదని చెప్పు, సాలు" అన్నది అత్త.

ఆయన తలుపు వేసుకున్నాడు. మరుసటి ఏడు ఆ భూమిని వేరేవాళ్లకు కౌలుకిచ్చాడు. నోరు తెరిచినందుకు ఆమెకు పడిన శిక్ష అది.

అత్త అమీర్‌పేటలోనే ఒక ఆడపిల్లల హాస్టల్‌లో వంటకు చేరింది. ఉద్యోగ పరీక్షకు చదివే ఒక అమ్మాయి రైతు పథకాల గురించి బిగ్గరగా వల్లె వేస్తుంటే గరిటెతో సహా వెళ్లి, "రైతుకు అని సదువకు బిడ్డా, పట్టాకు అని సదువు" అన్నదట.

కొన్నాళ్లకు ఊళ్లో ఇంకొకరి భూమి దొరికిందని తెలియగానే బయలుదేరింది. వద్దని బతిమాలాను.

"ఈడ వంట చేస్తే వంటామె అంటరు. ఆడ చేను చేస్తే నన్ను రైతని ఎవ్వరూ అనరు. అయినా పోత" అన్నది.

ఆ చేనులోనే కుప్పకూలింది. ఆసుపత్రికి తెచ్చేసరికే ఆలస్యమైంది.

కబురు తెలిసి పాత యజమాని కూడా ఆసుపత్రికి వచ్చాడు. "మంచి రైతు పోయింది" అని నిట్టూర్చాడు.

"గా మాట అప్పుడు రాసిస్తే నీదేం పోతుండె అన్నా?" అన్నాను. నా గొంతు వరండా అంతా వినిపించి ఉంటుంది. ఆయన తల దించుకుని మెట్లు దిగిపోయాడు.

పట్టా లేదు కనుక రైతు కుటుంబాలకు ఇచ్చే బీమా కూడా ఆమె పిల్లలకు రాదట. నాగలి పట్టని చేతికి సాయం అందుతున్నప్పుడు దానికి రైతు పేరు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. మీలో ఎవరికైనా ఊళ్లో కౌలుకిచ్చిన భూమి ఉంటే, దాన్ని సాగు చేస్తున్న మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఊరి నుంచి అత్తలాగే కౌలు చేసుకునే ఆడవాళ్లు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చారు. ఊరికి తీసుకుపోవడానికి అత్తను అందులోనే పడుకోబెట్టాం. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. చుట్టూ హారన్లు. ఎండ నేరుగా అత్త ముఖం మీద పడుతోంది. ఒకామె లేచి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో కొంగు చాపి ఆ ముఖానికి నీడ పట్టింది. పచ్చ లైటు వెలిగి ఆటో కదిలినా ఆ చెయ్యి దించలేదు.