పేరు లేని పదో నంబరు

బట్టల మీద అక్షరాలు అద్దే హీట్ ప్రెస్ మూత ఎత్తినప్పుడల్లా వేడెక్కిన రబ్బరు వాసన నా దుకాణమంతా కమ్ముకుంటుంది. మొన్న ఆ వాసనలోనే నిలబడి ఒక డిగ్రీ కుర్రాడు జెర్సీ వీపు మీద ఒక విదేశీ ఫుట్‌బాల్ ఆటగాడి పేరు వెయ్యమని అడిగాడు. రేపల్లెలో నాది చిన్న ప్రింటింగ్ షాపు. అడిగిన పేరు వేసి పంపడమే నా పని. కానీ ఆ ఆటగాడు ఒకమ్మాయిని హింసించాడని కేసు నడుస్తోందని ఫోన్లో చదివి ఉన్నాను. ఆ మాట చెప్పాను. "ఆయన ఇంటి సంగతి మనకెందుకక్కా? ఆట చూడాలి గానీ" అన్నాడు. అచ్చం ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను, దేవదానం గారితో.

ఆయన తెనాలిలో గోడల మీద అక్షరాలు రాసి పైకొచ్చిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చి కుంచెలు మూలపడ్డాక ప్రింటింగ్ షాపు పెట్టారు. డిగ్రీ అయ్యాక నేను అందులో డిజైనర్‌గా చేరాను. నేను కంప్యూటర్ మీద పేరు అమరిస్తే, ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూసేవారు. "ఆ మధ్య అక్షరానికి ఊపిరాడట్లేదమ్మాయ్, కాస్త జరుపు" అనేవారు. ఎవరి పేరైనా సరే, అంత శ్రద్ధ. మధ్యాహ్నం ఆయన భార్య రత్నమ్మ పిన్ని కేరియర్ తెచ్చేది. ఆమెతో మాట్లాడాలంటే చేతిలో పని వదిలేసి మరీ ఆమె కుడి పక్కకు వెళ్లి నిలబడేవారు. పిన్నికి ఎడమ చెవి వినపడదు. ఎంత ప్రేమో అనుకుని నేను మురిసిపోయేదాన్ని.

మా ఇద్దరికీ ఫుట్‌బాల్ పిచ్చి. మా తెనాలి జట్టులో పదో నంబరు ప్రసాద్‌ది. భట్టిప్రోలు కుర్రాడు. అతను బంతితో పరిగెడుతుంటే దేవదానం గారు మాట మధ్యలో ఆపేసేవారు. అతని భార్య స్వర్ణ కాలేజీలో నా పక్క బెంచీ. ఇంకేం, ప్రసాద్ మా ఇంటి మనిషన్నంత గొప్పలు పోయేదాన్ని.

బాపట్లలో టోర్నమెంటుకు వారం ముందు స్వర్ణ జెర్సీల కొలతలు ఇవ్వడానికి షాపుకొచ్చింది. కాసేపు కబుర్లలో పడ్డాం. ఇంతలో ప్రసాద్ బండి దిగాడు. "ఎంతసేపే?" అంటూ అందరి ముందూ ఆమె చెంప మీద కొట్టాడు. వెంటనే మావైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "బాబాయ్, ఈసారి నంబరు పెద్దదిగా వెయ్యండి" అని నవ్వాడు. స్వర్ణ నా వంక చూసింది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "మొన్నటి గోల్ అదిరిందన్నా!" అన్నాను.

దేవదానం గారు బయటకు నడిచి, "అమ్మా, నువ్వు లోపల కూర్చో. బాబూ, నువ్వు చేసింది తప్పు" అన్నారు. ప్రసాద్ మొహం మాడ్చుకుని స్వర్ణను బండెక్కించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు దేవదానం గారు జట్టు జెర్సీలన్నింటికీ పేర్లూ నంబర్లూ వేశారు. ప్రసాద్ జెర్సీకి మాత్రం పది అని నంబరు వేసి ఊరుకున్నారు. అభిమానులు తాము వేసుకోవడానికి ప్రసాద్ పేరుతో టీషర్టులు కావాలంటే కుదరదన్నారు. అప్పుడే నేనూ ఆ మాట అన్నాను, అతని ఇంటి సంగతి మనకెందుకని.

"నంబరు లేకపోతే రిఫరీకి ఇబ్బంది. అందుకని వేశాను. పేరు మనం ముచ్చటపడి వేసుకునేది. నాకు ముచ్చట పోయిందమ్మాయ్" అన్నారు.

అభిమానులు ఇంకో షాపులో వేయించుకున్నారు. బాపట్ల గ్రౌండులో ఎటు చూసినా ప్రసాద్ పేరే. అతను రెండు గోల్స్ కొట్టాడు. రెండోది కొట్టినప్పుడు దేవదానం గారు లేచి నిలబడి చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టారు. నాకు మండిపోయింది. తిరుగు బస్సు పొన్నూరు దాటుతుండగా అడిగేశాను.

"మరి చప్పట్లు కొట్టారేంటి బాబాయ్?"

"అంత మంచి ఆట చూసి కొట్టకపోతే అబద్ధం ఆడినట్టే కదా."

"మీరొక్కరు పేరు వెయ్యకపోతే ఏమైంది? ఊరంతా వేసుకుంది."

ఆయన కిటికీలోంచి చేలవైపు చూస్తూ, "మీ పిన్నికి ఆ చెవి ఎలా పోయిందో తెలుసా? నేను కొట్టాను" అన్నారు. "అప్పుడు నా అక్షరాలంటే తెనాలంతా పడి చచ్చేది. నేను కొడతానని బజారులో అందరికీ తెలుసు. ఒక్కడూ ఏంటిరా ఇది అనలేదు. నీ చేతిలో సరస్వతి ఉందనేవాళ్లు. మొదటిసారి ఎవరైనా అడిగి ఉంటే నేను సిగ్గుతో చచ్చేవాణ్ణి. మీ పిన్నికి చెవి మిగిలేది."

ఆయన ఏడుస్తున్నారు. నేను ఓదార్చలేదు. కోపమొచ్చింది, జాలేసింది. అంతకు మించి, నా మొహం వంక చూసిన స్వర్ణ గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే భట్టిప్రోలు వెళ్లాను. స్వర్ణ పొయ్యి దగ్గర ఉంది. "గోల్ గురించి చెప్పడానికొచ్చావా షాహీనా?" అంది. "కాదే. నువ్వెలా ఉన్నావో అడుగుదామని వచ్చాను. ఆ రోజే అడగాల్సింది" అన్నాను. పొయ్యి కట్టేసి నా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉంది. సాయంత్రానికి ఇద్దరం పొన్నూరులో వాళ్లమ్మ ఇంట్లో ఉన్నాం. స్వర్ణ మళ్లీ ప్రసాద్ ఇంటికి వెళ్లలేదు.

దేవదానం గారు పోయి నాలుగేళ్లయింది. ఆయన చేసింది తెలిసీ ఆయనంటే గౌరవం తగ్గలేదెందుకని నన్ను నేనే అడుగుతుంటాను. తన పేరుకు మచ్చ పడుతుందని తెలిసీ, నా కళ్లు తెరిపించడానికి ఆ మాట చెప్పిన మనిషి నాకు ఇంకొకరు తగల్లేదు. మొన్నటి కుర్రాడికి నంబరు వేసి ఇచ్చాను. పేరు కావాలంటే పక్క వీధిలో వేస్తారని చెప్పాను. గొణుక్కుంటూ వెళ్లాడు.

నిన్న ఆదివారం తెనాలి వెళ్లి, రత్నమ్మ పిన్ని కుడి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అడిగేశాను. "పిన్నీ, ఆ చెవి పోయిన రోజు ఏం జరిగింది?"

ఆమె చెయ్యి తన ఎడమ చెవి మీదికి వెళ్లింది. నా వంక అలాగే చూసింది. "అమ్మయ్య, అడిగావా!" అని, కుర్చీ నాకేసి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.