మిషను వద్దన్న రూపాయి

ఒక్క రూపాయితో ఒక పడవను మూడు రోజులు ఒడ్డున కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి గానీ మా ఆవిడకు మాత్రం చెప్పకండి.

అది రెండు వేల పదమూడో, పద్నాలుగో. శ్రీకాకుళంలో గది తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. చదువుతున్నానని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు. నా అసలు చదువు వేరు. వీధి చివరి బ్యాంకులో చిల్లర లెక్కపెట్టే మిషనొకటి ఉండేది. నాణేలు గుమ్మరిస్తే మంచివి లెక్కపెట్టి మింగేది. వంగినవీ మురికిపట్టినవీ కింది తొట్టెలోకి ఉమ్మేసేది. రసీదు చేతికి రాగానే జనం తొట్టెను మరిచిపోయేవారు. నేను మరిచిపోయేవాణ్ణి కాదు. ఏసీ చల్లదనానికి వచ్చినట్టు నటిస్తూ వేలు పెట్టి వెతికేవాణ్ణి. చెల్లని పావలాలు, ఒక సింగపూరు నాణెం, ఒక చొక్కా గుండీ. ఇదీ అగ్గిపెట్టెలో నా మ్యూజియం.

ఒక సోమవారం పచ్చగా పేరుకుపోయిన బిళ్ళ దొరికింది. కళింగరాజుల బంగారమే అనుకున్నాను! గదికి పరిగెత్తి చింతపండు, ఉప్పు వేసి అరగంట తోమాను. బయటపడింది మామూలు రూపాయి, అంచున చిన్న నొక్కు. ఉసూరుమంటూ అగ్గిపెట్టెలో పడేశాను.

గురువారం వెళ్ళేసరికి మిషను పక్కన నేలమీద చేపలమ్మే నూకాలమ్మ కూర్చుని ఉంది. వారం వారం చిల్లర మూటతో వచ్చే మనిషి.

"ఏటైనాదమ్మా?" అన్నాను.

"నా ముడుపు పోనాది బాబూ. గాలివానలో మా ఆయన పడవ తిరిగొస్తే శ్రీకూర్మం సామికి ఇస్తానని రూపాయికి పసుపు రాసి గుడ్డలో కట్టినాను. బద్రంగుంటాదని సిల్లర సంచిలోనే దాసినాను. ముడి ఊడి ఈ మిషన్లో పడిపోనాది. అది సెల్లించిందాకా వేటకెల్లనని ఆయన కూకున్నాడు. మూడు రోజులై పొయ్యి సరిగా ఎలగనేదు."

"ఇంకో రూపాయి కట్టకూడదా?"

"మొక్కిన బిల్ల అది బాబూ! అంచుకి నొక్కుంటాది."

ఏసీలోనే నాకు చెమటలు పట్టాయి. "ఇప్పుడే వస్తాను" అని గదికి పరిగెత్తాను. రూపాయి తళతళలాడుతోంది. పసుపేదీ? ఇంటి ఓనరు పిన్నిగారి వంటింట్లో దూరి, పొయ్యి పక్క గిన్నెలో పచ్చగా కనిపించినదాన్ని పులిమేసి మళ్ళీ పరుగు.

నూకాలమ్మ బిళ్ళ అందుకుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"సింతపండు వాసనొస్తన్నాదేటి బాబూ?"

"కొంచెం తోమాను..."

"ఉప్పెట్టి?"

"ఆ..."

"కారం, దనియాలు కూడా ఏసినావేటి?"

"పసుపనుకున్నానమ్మా..."

"ఓరి నాయనో! సామి ముడుపుకి సేపల పులుసు పెట్టేసినాడు!"

బ్యాంకంతా గొల్లుమంది. గార్డు మాత్రం నవ్వలేదు. నా చొక్కా పట్టుకున్నాడు. "తొట్టెలో సెయ్యెట్టేది నువ్వేనేటిరా? పద మేనేజరు కాడికి!"

అయిపోయింది, ఉద్యోగం రాకముందే ఊడింది అనుకున్నాను. అప్పుడు లేచింది నూకాలమ్మ.

"ఒగ్గీ ఆ బాబుని! ఆడు తియ్యకపోతే నా బిల్ల ఏ సెత్తలో కలిసిపోనో. దాసి తెచ్చిచ్చినాడు."

బిళ్ళను కుళాయి కింద కడిగింది. మెడలోని పసుపుతాడుకు రెండువైపులా రాసి, కొంగున ముడేసుకుని, అటునుంచి అటే శ్రీకూర్మం ఆటో ఎక్కింది.

నన్ను దొంగ అనడానికి ఆమెకు అన్ని హక్కులూ ఉన్నాయి. అనలేదు. ఇవాళ నేనూ ఒక బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నానంటే ఆ ఒక్క మాట చలవే. ఆ రోజు దండం పెట్టడానికి కూడా చేతులు రాలేదు. ఇప్పుడు పెడుతున్నాను తల్లీ.

మరుసటి వారం ఆమె బ్యాంకు మెట్ల మీద నా కోసం కాచుకుని ఉంది. చేతిలో ఆకు పొట్లం.

"పడవ నిండా పడ్డాయి బాబూ. ఇవి నీకు. రూపాయికి పెట్టినావు కదా, ఈపాలి సేపకి పెట్టు పులుసు!"

కాబట్టి ఆ పులుసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ మిషను తొట్టెలోనూ జన్మలో వేలు పెట్టను. ఒకవేళ పెట్టినా, దొరికినదాన్ని తోమను. ఒకవేళ తోమినా, చేపలమ్మే మనిషి ముక్కు దగ్గరికి మాత్రం తీసుకుపోను.