కమ్మరి ఇంటిపేరు

మా నాన్నకి కొత్తవాళ్లు కనిపిస్తే చాలు, మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరు?" రెండోది "ఏ ఊరు?" ఈ రెండింటితోనే కులం కూపీ లాగేస్తాడు. పాతికేళ్లుగా అమెరికాలో, షాంటిలీలో ఉంటున్నా ఈ రోగం కుదరలేదు. అలాంటి మనిషి ముందుకి, ఇంటిపేరు చివర 'స్కీ' ఉన్న పోలిష్ కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటానని తీసుకెళ్లాను. నాన్న కాదంటే ఎదిరించి చేసుకునే గుండె నాకు లేదు. ఆ సంగతి ఆ కుర్రాడికీ తెలుసు.

కారు దిగుతుండగానే అమ్మ నన్ను పక్కకి లాగింది.

"స్కీ అంటే జమీందార్లటే, నెట్‌లో చూశా. మీ నాన్న అడిగితే అదే చెప్పమను."

ఒళ్లు మండింది. "నువ్వే చెప్పుకో," అన్నాను.

ఆ రోజు భోజనానికి అత్త కూడా వచ్చింది. నాన్న చెల్లెలు. పక్కనే ఆష్‌బర్న్‌లో ఉద్యోగం, పెళ్లి చేసుకోలేదు. కాలేజీ రోజుల్లో ఊళ్లో ఒకతన్ని ఇష్టపడిందనీ, జాతకాలు కలవక నాన్న వద్దన్నాడనీ చిన్నప్పటినుంచీ విన్నదే.

పప్పన్నం అయ్యేదాకా నాన్న ఓపిక పట్టాడు.

"సో, యువర్ సర్‌నేమ్. వాట్ డజ్ ఇట్ మీన్?"

అమ్మ నాకేసి ఉరిమి చూసింది. అతను మాత్రం నీళ్లు తాగి నిదానంగా చెప్పుకొచ్చాడు. వాళ్ల భాషలో 'కోవల్' అంటే కమ్మరి. 'స్కీ' ఒకప్పుడు ఎక్కువగా భూములున్న దొరల పేర్లకి ఉండేదట. తర్వాత్తర్వాత మామూలు జనం కూడా తగిలించుకున్నారు.

"మావాళ్లు దొరలు కాదు అంకుల్. గుర్రాలకి నాడాలు కొట్టేవాళ్లు."

అయిపోయింది, కొంప మునిగిందనుకున్నాను. అమ్మ తల దించేసుకుంది.

నాన్న పకపకా నవ్వాడు. "బ్లాక్‌స్మిత్! ఎక్సలెంట్! చేతిలో పనున్న వంశం. డిగ్నిటీ ఆఫ్ లేబర్ అంటే అదీ! ఇంతకీ పెళ్లి ఎప్పుడు పెట్టుకుందాం?"

హమ్మయ్య!

పెరుగు వడ్డిస్తున్న అత్త చెయ్యి ఆగింది.

"అన్నయ్యా, అప్పుడు నన్ను అడగడానికి వచ్చిన అబ్బాయి కూడా కమ్మరోళ్ల అబ్బాయే కదా."

"ఇప్పుడవన్నీ ఎందుకే?"

"పిల్లలకి జాతకాలు కలవలేదని చెప్పావు. ఇంటిపేరు అడిగి గుమ్మంలోంచే పంపేశావు. మంచినీళ్లు తెస్తుంటే నా చేతిలో గ్లాసు లాక్కున్నావు."

నాన్న కంచం పక్కకి జరిపాడు. నా పెళ్లి కుదిరిన సంతోషం అక్కడికక్కడే చచ్చిపోయింది.

అతనికి తెలుగు రాదు. కానీ ఏదో తేడా వచ్చిందని తెలుస్తోంది. "ఆంటీ ఏమన్నారు?" అని నన్ను అడిగాడు.

అత్తే ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

"వెల్‌కమ్ టు ద ఫ్యామిలీ అన్నాను, బాబూ," అని అతని కంచంలో పెరుగు వేసింది.