మర్యాదకి తాగిన కాఫీ

పోయిన చలికాలం సంగతి. ఈ చలిదేశంలో, స్లౌ అనే ఊళ్లో, మా ఇంట్లో కింద గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు కాలిపోతుంటే మేడ మీదవి మంచుముద్దల్లా ఉండేవి. పైన గాలి చేరి వేడినీళ్లు తిరగడం లేదన్నమాట. "ప్లంబర్ ఎందుకు, నేను లేనూ?" అని మా ఆవిడ సుజాత దగ్గర గొప్పలు పోయి రేడియేటర్‌లో గాలి వదిలే కీ తిప్పాను. గాలి బుస్సుమని పోయి, వెనకే నల్లటి నీళ్లు వచ్చాయి. చేతికందిన స్టీలు గ్లాసులో పట్టి, స్టవ్ పక్కన పెట్టి, నీళ్లు కాచే బాయిలర్‌లో ప్రెషర్ తగ్గిందేమో చూడటానికి వెళ్లాను.

అంతలో మా వీధి చివర ఉండే డాక్టర్ అంకుల్, ఆంటీ మొదటిసారి మా ఇంటికి వచ్చారు. నేను హాల్లోకి వచ్చేసరికి అంకుల్ కాఫీ ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు.

"స్టవ్ పక్కనున్న డికాక్షనే కలిపాను. పాతదేమో, సారీ అంకుల్," అంది సుజాత.

"అబ్బే, బాగుందమ్మా," అంటూ ఆయన మళ్లీ కప్పెత్తారు.

అది నేను నల్లనీళ్లు పట్టి పెట్టిన గ్లాసేనని నాకు అర్థమైపోయింది. అయినా పరువు పోతుందని ఒక్క క్షణం నోరు మెదపలేదు. కప్పు పెదవికి తగలబోతుంటే అప్పుడు అరిచాను.

"తాగకండి అంకుల్! అవి రేడియేటర్ నీళ్లు!"

ఆయన సింకు దగ్గరికి పరుగెత్తారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. మేడ మీద రేడియేటర్లూ వెచ్చబడ్డాయి. కానీ మమ్మల్ని నొప్పించకూడదని ఆయన తాగబోతుంటే, నేను నా పరువు చూసుకున్నానే అని ఇప్పటికీ తల వంగిపోతుంది.

అంకుల్ ఇంకా మా ఇంటికి వస్తుంటారు. "కాఫీ వద్దమ్మా, మంచినీళ్లు చాలు," అంటారు. అవి కూడా తనే లేచి వెళ్లి కుళాయి దగ్గర పట్టుకుంటారు.