మూరెడు బద్ద

పొద్దున్నే మిరప మొక్కల మీద కప్పిన తెల్లగుడ్డ ఎత్తితే, లోపలి నుంచి వెచ్చటి పచ్చివాసన ముఖానికి కొడుతుంది. లేతమొక్క పురుగు పట్టకుండా బతికిందని రైతులకు ఆ వాసనంటే సంతోషం. నాకు మాత్రం అప్పాయమ్మ గుర్తొచ్చి తల దించుకోవాలనిపిస్తుంది.

రాజమండ్రి దిగువన గోదావరి లంకలో నేను మొదటిసారి మిరప వేసినప్పుడు, నారు నాటడానికి వచ్చిన ఆడకూలీల ముఠాకు ఆవిడ పెద్ద. కొబ్బరిమట్టతో చెక్కిన మూరెడు బద్ద ఎప్పుడూ చేతిలో ఉండేది. మొక్కకీ మొక్కకీ మధ్య దాన్ని ఆనించి చూశాకే నాటనిచ్చేది. నేనేమో ఫోన్లో నాలుగు వీడియోలు చూసిన మొనగాణ్ణి. జానెడు దూరంలో నాటితే అదే చేలో రెట్టింపు మొక్కలు పడతాయని తేల్చేశాను.

"ఎదిగాక ఊపిరాడదండి బాబుగారూ," అంది.

"చెప్పింది చెయ్యి అప్పాయమ్మా."

"ఆయ్," అని బద్ద నడుముకు దోపుకుని, జానతో కొలుస్తూ నాటించింది.

పూత మొదలయ్యాక కలుపుతీతకు వచ్చి మళ్ళీ చెప్పింది. "ఇంక గుడ్డ తీసెయ్యండి. గాలి తగలకపోతే పిందె నిలవదండి."

పురుగు భయంతో నేను తీయలేదు. గుడ్డ కింద మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ సన్నగా సాగిపోయాయి. పూతంతా రాలింది, ఆకులు కుళ్ళాయి. చుట్టుపక్కల రైతులు చూడటానికి వచ్చారు. "ఇంత ఒత్తుగా ఎవరు నాటారండీ?" అన్నాడొకాయన.

"ఇంకెవరండీ, అప్పాయమ్మ ముఠా," అన్నాను.

ఆవిడ పక్కనే పాడైన మొక్కలు పీకుతోంది. నావైపు ఒక్కసారి చూసింది, మళ్ళీ వంగి పనిలో పడింది. నా మాట అబద్ధమని ఎవరూ అనలేరు, నాటింది ఆవిడే కదా. అంత తెలివిగా పిరికివాణ్ణయ్యాను.

ఆ మాట లంకంతా పాకింది. మరుసటేడు ఆవిణ్ణి నాట్లకు పిలిచినవాడు లేడు. భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళిపోయింది. సిగ్గు తినేస్తుంటే అక్కడికే వెళ్ళి, ఆవిడ గది గుమ్మంలో నిలబడి, తప్పైపోయిందన్నాను. ఐసు నీళ్ళలో నాని పాలిపోయిన వేళ్ళతో మంచినీళ్ళిచ్చింది.

"ఆ మాట నలుగురిలో అన్నారు కదండీ. ఈ మాట మనిద్దరి మధ్యా అంటే ఎలాగండీ?"

కోపంగా అనలేదు. ఇక్కడ దీంతో పనేముందంటూ బద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. ఊరెళ్ళి అందరికీ చెబుదామనే బయల్దేరాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు పంటలు దాటించాను. ఈలోగా ఆవిడ జ్వరంతో పోయింది.

ఇప్పుడు ఆ బద్దతోనే నాటిస్తున్నాను, పూత కనబడగానే గుడ్డ తీయిస్తున్నాను. కాపు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ దగ్గరగా నాటమన్నది నేనని, వద్దన్నది అప్పాయమ్మని చెబుతున్నాను. మొన్న ఒక రైతు అంతా విని, "అంత పనిమంతురాలైతే మా చేలోకీ పిలుద్దామండి. ఎక్కడుంటారావిడ?" అన్నాడు.

బద్ద పట్టుకుని నిలబడ్డాను.