ఊరు తెలియని పిల్లకు మా అత్తగారి శోకం

దయ్యాలూ పూనకాలూ నేనెన్నడూ నమ్మలేదు. ఎస్సెల్సీ పాసై అద్దంకి దగ్గర పల్లెకు కోడలిగా వెళ్ళినదాన్ని, ఆ గీర కాస్త ఉండేది కూడా. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను. ఇదొక్కటి మాత్రం నా కళ్ళముందు జరిగింది.

మా అత్తగారు శోకాలు పెట్టడంలో పేరు మోసిన మనిషి. చుట్టుపక్కల ఎక్కడ చావు జరిగినా ఆవిడకు కబురొచ్చేది. శవం పక్కన కూర్చుని పోయినవాళ్ళ పుట్టుక, పెళ్ళి, పడ్డ కష్టం, అన్నం పెట్టిన చెయ్యి, అన్నీ రాగం తీసి చెప్పి ఏడ్చేది. రాతిగుండెవాళ్ళు కూడా కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. నాకు మాత్రం అదంతా నాటకంలా అనిపించి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

అరవైలలో ఒక ఏడు మిరపకోతలకు పడమటి నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళలో ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె, దారిలో ముఠాతో కలిసిందట. పేరు కోటమ్మ అంది. ఊరేదంటే నవ్వి ఊరుకునేది. మోకాళ్ళ నొప్పులతో అత్తగారు ఆ ఏడు చేలోకే రాలేదు, ఆ పిల్లను కంటితో చూడనైనా లేదు.

ఒకరోజు పొద్దున చేలో కోటమ్మను పాము కరిచింది. మధ్యాహ్నానికి మా మిరప కల్లంలోనే ప్రాణం పోయింది. మునసబుగారు వచ్చి రాసుకుని, పొద్దుగూకేలోపల కానిచ్చేయమన్నారు. కబురు పంపుదామంటే ఎక్కడికని పంపుతాం? పాడె కట్టేవేళకు అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది.

“కూలిపిల్లకు మీరు శోకాలు పెట్టడమేంటి వదినా? పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా ఏమని ఏడుస్తారు?” అంది పక్కింటావిడ.

“ఏడ్చే మనిషి లేకుండా నా కల్లంలోంచి శవం లేవదు, పోవే!” అంది అత్తగారు.

ఆరబోసిన కాయల పక్కన కూర్చుని మొదలుపెట్టింది. “నా సజ్జకంకీ, ముగ్గురు పోయాక మిగిలిన బిడ్డవే! అవిటి తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి మోశావే! అమ్మ మీద అలిగి సంగటి ముట్టకుండా గడప దాటావే!”

నాకు ఒళ్ళు మండింది. ఎంత గుండెలు తీసిన మనిషమ్మా, ఎవరి బతుకో కల్పించి ఏడుస్తోంది అనుకున్నాను. వెనక నిలబడి విన్నాను.

తొమ్మిదో రోజు ఒక ముసలామె ఊరూరా కల్లాలు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. కోటమ్మ తల్లి. సంగతి చెప్పగానే మట్టిలో పడి “నా సజ్జకంకీ” అని అరిచింది. అత్తగారు అన్న మాటే అది. మా నల్లరేగడిలో సజ్జ వెయ్యరు, మా ఊళ్ళో పిల్లల్ని ఎవరూ అలా పిలవరు. నెమ్మదిగా అడిగితే అన్నీ చెప్పింది. పోయిన ముగ్గురు పిల్లలు, అవిటి కొడుకు, ఇంట్లో గొడవ, కంచంలో వదిలేసిన సంగటి. కూలీలను కూడా అడిగాను. కోటమ్మ ఇవేవీ వాళ్ళతో అనలేదు.

ఆ తల్లికి ఒక్కటే దిగులు. “దిక్కులేని శవంలా పోయిందా అమ్మా నా బిడ్డ? ఎవరన్నా ఏడ్చారా?”

“మా అత్తయ్య ఏడ్చారు” అన్నాను.

“అయితే ఇంకోసారి ఏడువు తల్లీ, నేను వింటా” అంది అత్తగారి వైపు తిరిగి.

అత్తగారు నోరు తెరిచింది. ఒక్క ముక్క రాలేదు. ఆ రోజు ఏమన్నదో ఆవిడకు గుర్తే లేదు. అంత పేరున్న మనిషి కొంగు నలుపుకుంటూ నావైపు చూసింది. “నీకేమైనా గుర్తుందా అమ్మాయ్?”

నాకు గుర్తుంది, అక్షరం పొల్లుపోకుండా. జన్మలో రాగం తీసి ఏడ్చినదాన్ని కాదు. ఆ తల్లి మెడ పట్టుకుని కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా ఏడ్చాను.

ఆ మాటలు అత్తగారికి ఎవరు చెప్పారో, ఆవిడ మరిచినవి నాలో ఎలా నిలిచాయో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ తల్లి మాత్రం వెళ్ళేముందు మా ఇద్దరి చేతులూ కళ్ళకద్దుకుని, “నా బిడ్డకు ఏడ్చేవాళ్ళున్నారు” అంది.

అప్పటి నుంచి ఎక్కడ చావు జరిగినా అత్తగారితోపాటు నన్నూ పిలిచేవాళ్ళు. వెళ్ళేదాన్ని, తలెత్తుకుని.